బొబ్బ ఎక్కడిదో అడగండి, మందు ఆ తర్వాత



ఈ గ్రూపులో మనం పురుగు రోగాల గురించి ఎంతైనా మాట్లాడుకుంటాం. గ్రాసరీ వచ్చిందంటే అర్ధరాత్రయినా ఫోటో పెడతాం. మన ఒంటి మీద ఏదైనా వస్తే మాత్రం "పోనీలే, అదే తగ్గుతుంది" అని పనిలో పడిపోతాం. మేమూ అంతే. దానివల్ల ఒక పంట పోగొట్టుకున్నాం. అంతకన్నా పెద్దది పోగొట్టుకోబోయి, కొద్దిలో బయటపడ్డాం. అందుకే ఈసారి ధరలు, గుడ్ల సంగతి పక్కన పెట్టి చర్మం మీద లేచే బొబ్బల గురించి రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

*మా షెడ్డులో జరిగింది*

కుందుర దగ్గర మా షెడ్డుకి మూడు పక్కలా వరి మడులే. నాలుగో పక్క మల్బరీ తోట. పోయిన వానాకాలం పంటకి 150 గుడ్లు వేశాం. మూడో జ్వరం దాటేదాకా పురుగు బాగుంది. జ్వరానికి కూర్చునేటప్పుడు అలవాటు ప్రకారం సున్నం చల్లాం. రాత్రి పది గంటల మేత రెండు ట్యూబులైట్ల కింద వేసేవాళ్లం.

ఒకరోజు పొద్దున మా తమ్ముడి మెడ మీద ఎర్రగా ఒక గీత కనబడింది. కాల్చిన తీగతో ఎవరో వాత పెట్టినట్టు ఉంది. మర్నాటికి ఆ గీత పొడుగునా చిన్న చిన్న నీటి పొక్కులు లేచాయి. ఒకటే మంట. రెండు రోజులకి మా ఇంటావిడకి మోచేయి మడతలో అదే. చిత్రమేమిటంటే మడతకి ఈ పక్క ఎంత ఉందో ఆ పక్కా అంతే ఉంది, అచ్చు గుద్దినట్టు. తర్వాత ఆకు కోతకి వచ్చే అమ్మాయికి ఒక కన్ను వాచి మూసుకుపోయింది.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "సున్నం. ఈసారి తెచ్చిన సున్నం మంచిది కాదు." మాకూ నిజమే అనిపించింది. సున్నం చల్లి నాలుగు రోజులే అయింది మరి. పక్కూరాయన చూసి "ఇది సర్పి, ఎర్రమన్ను రాయించండి" అన్నాడు. ఊళ్లో సూదిమందు వేసే ఆయన ఒక సూది వేసి, ఒక ట్యూబు ఇచ్చి డబ్బు తీసుకున్నాడు. ఏం జబ్బో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

మేం చేసిన తప్పు ఇక్కడుంది. సున్నమే కారణం అనుకుని నాలుగో జ్వరానికి సున్నం మానేశాం. పడకల మీద చల్లే మందు పొడి కూడా మానేశాం. వానలు, తడి ఆకు, గాలి ఆడని షెడ్డు. ఐదో దశలో నాలుగో రోజుకి గ్రాసరీ కనబడింది. కణుపులు ఉబ్బిన పురుగులు తట్టల అంచుల మీద తిరగడం, ముట్టుకుంటే పాలలాంటి నీరు కారడం. మామూలుగా 150 గుడ్లకి మాకు 90 కిలోలు దాటేవి. ఆ పంటకి 40 కిలోలు కూడా రాలేదు. ఇంత చేసినా బొబ్బలు ఆగలేదు. సున్నం మానేశాక కూడా ఇద్దరికి కొత్తగా వచ్చాయి.

అప్పుడు ఫోటోలు ఈ గ్రూపులో పెట్టాం. గుణుపురం వైపు రైతు ఒకాయన చూసి, "మీ ట్యూబులైటు కింద ఎర్రగా నల్లగా చారలున్న సన్న పురుగు ఉంటుంది, వెతకండి" అని రాశారు. ఆ రాత్రే వెతికాం. లైటు కింద గోడ మీద పది దాకా ఉన్నాయి.

*అసలు దోషి*

ఆ పురుగు పొడుగు సెంటీమీటరు లోపే. దూరం నుంచి చూస్తే చీమ అనుకుంటాం. తల నలుపు, మెడ భాగం ఎరుపు, నడుం మీద నీలం నలుపు కలిసిన పొట్టి రెక్కల డిప్ప, దాని వెనక ఎర్రటి పొట్ట, తోక కొస మళ్లీ నలుపు. పాకేటప్పుడు తేలులాగ తోక పైకి ఎత్తుతుంది. శాస్త్రంలో దీని పేరు పేడరస్. ఇది కుట్టదు, కరవదు. మెడ మీద పాకితే మనం చూడకుండా అరచేత్తో రుద్దేస్తాం. అది నలిగి దాని ఒంట్లో రసం బయటికి వస్తుంది. ఆ రసంలో పెడరిన్ అనే విషం ఉంటుంది. చర్మాన్ని కాల్చేది అదే.

రుద్దిన వెంటనే ఏమీ తెలియదు. ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు గడిచాక ఎరుపు, మంట, పొక్కులు వస్తాయి. అందుకే మనకి పురుగు గుర్తుండదు, నిన్న చేసిన పనే గుర్తుంటుంది. చేత్తో లాగిన దారినే మంట పడుతుంది కాబట్టి గీతలా ఉంటుంది. మోచేయి మడిచినప్పుడు ఈ పక్క రసం ఆ పక్క అంటుకుంటుంది కాబట్టి జంటగా వస్తుంది. ఆ చేత్తోనే కన్ను నలిపితే కన్ను వాస్తుంది. మా ఇంట్లో జరిగిన మూడూ ఇవే.

ఇది మన ఒక్క ఊరి గోల కాదు. 2022 జూలైలో సిక్కింలో ఒక ఇంజనీరింగు కాలేజీలో వంద మంది దాకా విద్యార్థులకి ఇలాగే ఒళ్లు కాలితే పేపర్లలో "నైరోబి ఈగ" అని రాశారు. అది ఈగ కాదు, ఈ జాతి పురుగే. తూర్పు ఆఫ్రికాలో వానలు ఎక్కువైన ఏళ్లలో ఇవి బాగా పెరుగుతాయి, ఆ పేరు అక్కడిది.

మన దగ్గర వీటి ఇల్లు వరిమడి. అక్కడ ఇది రైతుకి మిత్రపురుగు. దోమని, చిన్న పురుగుల్ని తిని బతుకుతుంది. కాబట్టి మడిలో చంపే పని పెట్టుకోవద్దు. మన షెడ్డులోనూ మందు కొట్టలేం, కొడితే ముందు చచ్చేది పట్టుపురుగే. మరి దారి ఏమిటి? లైటు. ఇది తెల్లటి వెలుగుకి వస్తుంది. మేం ఇప్పుడు చేస్తున్నది ఇది:

1. షెడ్డులో తెల్ల ట్యూబులు తీసేసి పసుపు వెలుగు బల్బులు పెట్టాం. మేత వేసినంతసేపే వెలిగిస్తాం.
2. షెడ్డుకి ఇరవై అడుగుల దూరంలో ఒక తెల్ల బల్బు, దాని కింద సబ్బునీళ్ల తట్ట. పురుగు అటు పోతుంది.
3. ఉజి ఈగ కోసం కట్టిన నైలాన్ వల చిరుగులు కుట్టించాం. తలుపుకి కూడా వల వేశాం. ఒక్క ఖర్చుతో రెండు పనులు.
4. రాత్రి మేతకి నిండు చేతుల చొక్కా, మెడ చుట్టూ తువ్వాలు.
5. ఒంటి మీద ఏది పాకినా నలపకూడదు. ఊదాలి, లేదా కాగితంతో తోసేయాలి. పొరపాటున నలిగితే వెంటనే సబ్బుతో, ధారగా నీళ్లతో కడగాలి. ఆ చెయ్యి కడగకుండా కంటి దగ్గరికి పోనివ్వకూడదు.

పొక్కులు వచ్చాక చల్లటి తడిగుడ్డ వేస్తే మంట తగ్గుతుంది. రెండు మూడు వారాల్లో మానుతుంది, మచ్చ ఇంకొన్నాళ్లు ఉంటుంది. ఎక్కువగా ఉంటే డాక్టరు పూత మందు రాస్తారు. కన్ను వాస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రి.

*మూడు ప్రశ్నలు*

మమ్మల్ని జయపురంలో చూసిన డాక్టరు గారు ట్యూబు రాసే ముందు మూడు ప్రశ్నలు అడిగారు. ఎప్పుడు వచ్చింది? ఒంటి మీద ఎక్కడ వచ్చింది, ఏ ఆకారంలో? నొప్పి ఉందా? ఈ మూడూ మేం మొదటి రోజే అడుక్కుని ఉంటే సున్నాన్ని తప్పు పట్టేవాళ్లం కాదు. సున్నం కాల్చితే అదే పూట తెలుస్తుంది. చల్లిన చేతుల మీద, చెమట పట్టిన కాళ్ల మీద వస్తుంది, మెడ మీద గీతలా రాదు. అసలు సున్నం ముట్టని అమ్మాయి కన్నే అందరికన్నా ఎక్కువ వాచింది. చూసే కళ్లుంటే జవాబు మా ముందే ఉంది.

మన పనిలో బొబ్బలు వచ్చే దారులు ఇంకా ఉన్నాయి. ఒక్కోటీ ఈ మూడు ప్రశ్నలతోనే చూద్దాం.

*సున్నం, బ్లీచింగు, ఫార్మలిన్*

సున్నం నిర్దోషి అని మేం అనడం లేదు, ఆ రోజు కేసులో నిర్దోషి, అంతే. పొడిగా ఉన్నప్పుడు ఊరుకుంటుంది. చెమట, తడి తగిలితే చర్మాన్ని తింటుంది. నీళ్లు పడని రాతి సున్నం ఇంకా ప్రమాదం, నీళ్లు తగలగానే సలసల కాగుతుంది. అందుకే సున్నం ఒంటి మీద పడితే ముందు పొడిగుడ్డతో దులిపేయాలి, తర్వాత ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. గుప్పెడు నీళ్లు చల్లి ఊరుకుంటే మంట పెంచినట్టే. కంట్లో పడితే ఆలోచించకుండా నీళ్లు పోస్తూనే ఉండాలి, పోస్తూనే ఆసుపత్రికి బయల్దేరాలి.

షెడ్డు కడిగే మందుకి కొలత ఉంది. 100 లీటర్ల నీళ్లకి 2 కిలోల బ్లీచింగు పౌడరు, 300 గ్రాముల విరిసిన సున్నం. ఫార్మలిన్ అయితే 1 లీటరుకి 17 లీటర్ల నీళ్లు, అప్పుడే 2 శాతం ద్రావణం అవుతుంది. "ఇంకో గుప్పెడు వేస్తే ఇంకా బాగా చస్తాయి" అనుకుని మనలో చాలామంది ఎక్కువ కలుపుతారు. దానికి రోగం ఎక్కువ చావదు, మన చేతులు మాత్రం కాలతాయి. ఫార్మలిన్ కొందరి ఒంటికి అసలు పడదు. మొదట్లో ఏమీ కాదు, నాలుగైదు పంటల తర్వాత ఒకరోజు చేతుల నిండా దురద, పొక్కులు. ఒకసారి అలా పడకపోతే తర్వాత కొంచెం తగిలినా వస్తుంది. అలాంటివాళ్లని ఆ పని నుంచి తప్పించాలి, అది బద్ధకం కాదు. రబ్బరు గ్లౌజులు, బూట్లు, కళ్లద్దాలు, ముక్కుకి మాస్కు లేకుండా ఎవరూ స్ప్రేయర్ పట్టకూడదు. బ్లీచింగునీ ఫార్మలిన్‌నీ ఒకే డబ్బాలో కలపకండి. బ్లీచింగులో యాసిడ్ లాంటిది కలిపితే విషవాయువు వస్తుంది, అది అసలు చేయకండి. మందు కొలతల్లో అనుమానం ఉంటే కొరాపుట్‌లో కేంద్ర పట్టు మండలి ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ అడగండి.

*వేడినీళ్లు*

మనలో గూళ్లు అమ్మేవాళ్లే ఎక్కువ, దారం తీసేవాళ్లు తక్కువ. తీసేవాళ్లకి ఈ బాధ చెప్పక్కర్లేదు. గూళ్లు ఉడికే నీళ్లలో రోజంతా చేతులు పెట్టి పని చేస్తే వేళ్ల సందులు నాని, తోలు ఊడి, బొబ్బలెక్కుతాయి. 2003లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే సంస్థ మన దేశంలో పట్టు పనిలో వెట్టికి చిక్కిన పిల్లల మీద ఒక నివేదిక ఇచ్చింది. ఉడుకునీళ్లలో పెట్టి బొబ్బలెక్కిన చిన్న చేతుల సంగతి అందులో ఉంది. పట్టుచీర కట్టుకునేవాళ్లకి కనపడని చేతులు అవి. మన పిల్లల్ని ఆ బేసిన్ దగ్గరికి రానివ్వకపోవడం మన చేతిలో పని.

వేడినీళ్లు పడితే చేయాల్సింది ఒక్కటే: ఇరవై నిమిషాలు మామూలు చల్లనీళ్ల ధార కింద పెట్టడం. ఐసు వద్దు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయాలి. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి, కోడిగుడ్డు, పేడ ఏదీ పూయొద్దు. బొబ్బని పొడవొద్దు. పైనున్న ఆ తోలే దానికి కట్టు. అది ఉన్నంతసేపు లోపలికి చీము పట్టదు. తనంతట అదే పగిలితే సబ్బునీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టాలి. అరచెయ్యికన్నా పెద్దదైనా, ముఖం మీద, కీళ్ల మీద అయినా ఆసుపత్రికే.

*తోటలో, అడవిలో*

కొరాపుట్, రాయగడ కొండల మీద జీడిమామిడి తోటలు ఎక్కువే. పిక్క పచ్చి తోలులో నూనె ఉంటుంది, తగిలితే ఒళ్లు పొంగుతుంది. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులకి ఆముదమో బూడిదో రాసుకునేది అందుకే. అడవిలో దొరికే నల్లజీడి ఇంకా ఘాటు. చాకలివాళ్లు బట్టల మీద చెరగని గుర్తు పెట్టేది దాని రసంతోనే. బట్ట మీదే చెరగనిది చర్మాన్ని వదులుతుందా? మామిడి సొన కూడా ఇదే కుటుంబం. ఇవి తగిలితే ఒకటి రెండు రోజులకి దురదతో పొక్కులు వస్తాయి. దురద ఎక్కువ, నొప్పి తక్కువ, ఆకో సొనో తగిలిన మేరకే ఉంటుంది.

కంది, బెండ, బీర పూల మీద నలుపు మీద ఎర్రటి పట్టీలున్న లావు పెంకుపురుగు చూసే ఉంటారు. పూలు తినేస్తుందని చేత్తో ఏరి నలిపేస్తాం. దాని రసంలో క్యాంథరిడిన్ అనే విషం ఉంది. కొన్ని గంటల్లోనే పెద్ద నీటి బొబ్బ లేస్తుంది. ఏరాలంటే గ్లౌజు వేసుకుని సబ్బునీళ్ల డబ్బాలోకి రాల్చండి. మల్బరీ గట్ల మీద కందులు వేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

*లోపలి నుంచి వచ్చేవి*

ఏమీ తగలకుండా వచ్చే బొబ్బలు కూడా ఉన్నాయి. నిజమైన సర్పి ఎలా ఉంటుందంటే, ముందు రెండు మూడు రోజులు నొప్పి, పోటు. తర్వాత నడుం మీదో ఛాతీ మీదో ముఖం మీదో ఒక పక్కనే పట్టీలాగ గుంపులుగా పొక్కులు. నడిమి గీత దాటదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు వచ్చిన వైరస్సే నరంలో దాక్కుని, వయసు మీదపడ్డాకో నీరసపడ్డాకో మళ్లీ లేస్తుంది. దీనికి మందు ఉంది, కానీ పొక్కులు లేచిన మూడు రోజుల లోపు మొదలెడితేనే బాగా పని చేస్తుంది. ఎర్రమన్ను రాయిస్తూ ఆ మూడు రోజులూ పోగొట్టుకోవద్దు. పొక్కులు తగ్గినా నొప్పి నెలల తరబడి వదలని ముసలివాళ్లని మేం చూశాం.

కొత్త మాత్ర ఏదైనా మొదలెట్టాక జ్వరం, కళ్లు ఎరుపు, నోట్లో పుండ్లు, ఒళ్లంతా బొబ్బలెక్కి తోలు ఊడుతుంటే అది ప్రాణం మీదకి వచ్చినట్టు. ఆ మాత్ర చీటీతో సహా పట్టుకుని 108కి ఫోను చేయండి. నోట్లో పుండ్లు మానకుండా ఒంటి మీద పలచటి బొబ్బలు ఒకదాని తర్వాత ఒకటి పగులుతుంటే చర్మం డాక్టరుకి చూపించాలి. కొరాపుట్‌లో 2017లో మొదలైన షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, విశాఖ దాకా పోయే ముందు అక్కడ చూపించుకోవచ్చు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు కాలి మీద బొబ్బని చిన్నదని వదిలేయకూడదు.

*నొప్పి లేని బొబ్బ*

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మండేవో, దురద పెట్టేవో, నొప్పెట్టేవో. మూడో ప్రశ్నకి "లేదు" అని జవాబు వస్తే ఏమిటి? మాకు అన్నిటికన్నా పెద్ద పాఠం అక్కడ దొరికింది.

మా పిన్ని మా ఇంట్లోనే ఉంటుంది. పనివాళ్లకి వంట ఆమెదే. మసి గుడ్డ లేకుండా పొయ్యి మీది గిన్నె దించేస్తుంది. మేం అందరం "పిన్ని చెయ్యి ఇనుప చెయ్యి" అని పొగిడేవాళ్లం. ఆ బొబ్బల గొడవ జరిగిన రోజుల్లోనే ఒక మధ్యాహ్నం చూస్తే ఆమె చిటికెన వేలు పక్కన రూపాయి బిళ్లంత బొబ్బ.

"పిన్నీ, చెయ్యి కాలిపోయింది. చూసుకోలేదా?"

"ఏటిరా, ఎప్పుడు కాలిందో నాకే తెల్దు. నొప్పేటీ లేదు. ఇదొక దెబ్బేటి?"

మేం నవ్వి ఊరుకున్నాం. ఆమెదీ పురుగు రసమే అనుకుని ఇంట్లో మిగిలిన ట్యూబు ఇచ్చాం. వారానికి అది పుండైంది. ఆ మాత్రానికి డాక్టరా అని మేమూ అనుకున్నాం, ఆమే అంది.

ఆ నెల్లో ఆశా దీదీ ఇంటింటికీ వచ్చింది. మచ్చలున్నాయా అని దేశియాలో అడుగుతూ అందరి చేతులూ వీపులూ చూసింది. పిన్ని పుండు చూసి, "నొప్పి ఉందా మావుసీ?" అంది. లేదంటే ఆమె మొహం మారింది. కళ్లు మూసుకోమని, పెన్ను మొనతో అక్కడక్కడ తాకి "ఎక్కడ తాకానో చూపించు" అంది. బొటనవేలు వైపు తాకితే పిన్ని చూపించింది. చిటికెన వేలు, ఉంగరం వేలు వైపు ఎన్నిసార్లు తాకినా ఊరికే కూర్చుంది. మోచేతి పైన పాలిపోయిన మచ్చ ఒకటి ఉంది. అది ఎన్నాళ్ల నుంచి ఉందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆడమనిషి, నిండు చేతుల రవిక, ఎవరు చూస్తారు?

అది కుష్టు. ఆ మాట విని ఇంట్లో రెండు రోజులు ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. పిన్ని తన కంచం, గ్లాసు విడిగా పెట్టేసుకుంది. ఎవరూ చెప్పకముందే పెట్టేసుకుంది.

తర్వాత తెలిసిన సంగతులు మీకూ చెప్తున్నాం. కుష్టు శాపం కాదు, వంశంలో వచ్చేది కాదు. ఒక సూక్ష్మజీవి, 1873లో నార్వే డాక్టరు హాన్సెన్ కనిపెట్టాడు. అది చర్మంలో, నరాల్లో చేరి నెమ్మదిగా స్పర్శ తినేస్తుంది. తాకితే అంటుకోదు, ఒకే కంచంలో తిన్నా అంటుకోదు. మందు తినని రోగితో చాలాకాలం దగ్గరగా ఉంటే ఊపిరి తుంపర్ల ద్వారా రావచ్చు, అయినా ఎక్కువమంది ఒంటికి దాన్ని తట్టుకునే శక్తి ఉంటుంది. మందు మొదలెట్టాక త్వరలోనే ఇంకొకరికి పాకడం ఆగిపోతుంది. ఎం.డి.టి. అనే ఆ మందు మన దేశంలో 1983 నుంచి జాతీయ కార్యక్రమంలో ఉంది. సర్కారు ఆసుపత్రిలో పైసా తీసుకోరు. జబ్బు రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో తినాలి. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద పది వేలమందికి ఒకరికన్నా తక్కువకి వచ్చిందని ప్రకటించారు. దాంతో జనం "కుష్టు పోయింది" అనుకున్నారు. పోలేదు. మన ఒడిశాలో ఇంకా ఉంది, అందుకే దీదీలు ఇంటింటికీ తిరుగుతున్నారు.

సూక్ష్మజీవి మందుతో చస్తుంది. కానీ ఎప్పుడో చచ్చిన నరం తిరిగి రావడం కష్టం. ఈమధ్యనే దెబ్బతిన్న నరమైతే వేరే మాత్రలతో కాపాడే అవకాశం ఉంటుంది. అందుకే తొందర. స్పర్శ లేని చెయ్యి కాలితే తెలియదు, తెగితే తెలియదు, పుండు మీదే పని చేస్తుంది. వేళ్లు పోయేది జబ్బు కొరికి కాదు, ఇలా పదే పదే దెబ్బ తగిలి. నొప్పి మన శత్రువు అనుకుంటాం. మన చేతికి కాపలా కాసేది అదే.

పిన్ని ఇప్పుడు మాత్రలు తింటోంది. పుండు మానింది. రెండు వేళ్లకి స్పర్శ పూర్తిగా రాలేదు. చెక్క పిడి ఉన్న గిన్నెలే వాడుతుంది, మసి గుడ్డ లేకుండా పొయ్యి దగ్గరికి రానివ్వం. రోజూ రాత్రి చేతులు నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, కొత్త దెబ్బ ఏదైనా ఉందేమో లైటు కింద చూస్తాం. పురుగు తట్ట చూసినంత శ్రద్ధగానే చూస్తాం. విడిగా పెట్టుకున్న కంచం మా తమ్ముడే తీసుకెళ్లి మిగతావాటితో కలిపేశాడు.

*గుర్తుపెట్టుకోవాల్సినవి*

1. బొబ్బ కనబడగానే: ఎప్పుడు, ఎక్కడ, నొప్పి ఉందా? ఈ మూడూ అడిగాకే కారణం తేల్చండి.
2. కారణం తేలకుండా సున్నం, పడక మందు మానొద్దు. మాకు జరిగింది మీకు వద్దు.
3. రసాయనమైనా వేడినీళ్లైనా మొదటి మందు ఇరవై నిమిషాల నీళ్ల ధార. పొడి సున్నమైతే ముందు దులిపి.
4. బొబ్బ పొడవొద్దు. పేరు తెలియని ట్యూబు పూయొద్దు. ఇంకొకరికి రాసిన మందు మనకి వద్దు.
5. కంటి దగ్గర, నోట్లో, ఒళ్లంతా, లేదా జ్వరంతో వస్తే ఆ రోజే ఆసుపత్రి.
6. నొప్పి లేని బొబ్బ, స్పర్శ లేని పాలిపోయిన మచ్చ, చిటికెన వేలు తిమ్మిరి. ఇవి కనబడితే ఆశా దీదీకి చెప్పండి, సిగ్గుపడొద్దు.

ఈ రాత్రి మేత వేశాక ఒక పని చేయండి. ఇంట్లో అందరూ ఒకసారి చేతులు చాపి లైటు కింద చూసుకోండి. వంట చేసే మనిషి చెయ్యి తప్పకుండా చూడండి. "నాకేం, నొప్పి లేదు" అని ఎవరైనా అంటే మాలాగ నవ్వి ఊరుకోకండి.

ఇది మీ ఊరి గ్రూపులో కూడా పంపండి. మీ షెడ్డులో ఇలాంటిది జరిగి ఉంటే రాయండి, వచ్చే సంచికలో అందరికీ చెబుదాం.